లక్ష బిట్లు ఎందుకు? సరిగ్గా రాసిన కార్డులు చాలు

"ఎన్ని బిట్లు ఉన్నాయి సార్?"

మా ఫ్లాష్‌కార్డుల వెబ్‌సైటును జనంలోకి వదిలినప్పటి నుంచీ తిరుపతిలో నాకు ఎదురవుతున్న మొదటి ప్రశ్న ఇదే. డీఎస్సీకి చదివే అమ్మాయి ఇదే అడుగుతుంది, పదో తరగతి పిల్లవాడి తండ్రీ ఇదే అడుగుతాడు. కోచింగ్ సెంటరు నడిపే ఒక పెద్దమనిషి అయితే, "లక్ష బిట్లు ఎక్కించండి, మా ఫీజులో కలిపేసుకుందాం" అని బేరం కూడా పెట్టాడు. మా దగ్గర ఉన్నవి కొన్ని వందల కార్డులేనంటే అందరూ ఒకేలా చూస్తారు. ఈ మాత్రానికి వెబ్‌సైటు దేనికని ఆ చూపుకు అర్థం.

దామలచెరువు మండీలో ఒక్క కాయ చేత్తో పట్టి చూడకుండా లారీ లెక్కన మామిడి కొనేవాడు ఉండడు. పిల్లల చదువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరం లారీ లెక్కే అడుగుతున్నాం. ఆ కార్డు ఎవరు రాశారు, ఎలాంటి పిల్లల్ని చూసి రాశారు, పిల్లలు తప్పు చెప్పాక దాన్ని ఎవరు దిద్దారు? అడగాల్సినవి ఇవీ. వెబ్‌సైటు కట్టడం ఈ రోజుల్లో పెద్ద విద్య కాదు. తెలుగులో ఒక మంచి కార్డు రాయడమే కష్టం. అది చేతనైనవాళ్లు మన బడుల్లోనే ఉన్నారు. వాళ్లకు కావలసిన సరుకు అందించడం ప్రభుత్వం పని అని నా వాదన.

నేను పగలు ఒక బెంగళూరు కంపెనీకి ఇంట్లోంచే కోడు రాస్తాను. మా అక్క పాకాల వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతుంది. సైటు నేను కట్టాను, కార్డులు ఆమే, ఆమె స్నేహితులైన మరికొందరు టీచర్లే రాశారు. ఎవరి దగ్గరా పైసా తీసుకోవడం లేదు కాబట్టి సరుకు అమ్ముకోవడానికి రాస్తున్నానని అనుకోనక్కర్లేదు.

తెలియనివారి కోసం రెండు మాటలు. ముందు వైపు ప్రశ్న, వెనక వైపు జవాబు ఉన్న అట్టముక్కే ఫ్లాష్‌కార్డు. ప్రశ్న చూసి, జవాబు తనలో తాను చెప్పుకుని, తిప్పి సరిచూసుకోవాలి. కిటుకంతా దాన్ని మళ్లీ ఎప్పుడు చూడాలన్న దాంట్లో ఉంది. 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థం లేని అక్షరాల గుంపులను తానే బట్టీపట్టి, ఎన్నాళ్లకు ఎంత మరిచిపోతున్నాడో లెక్కకట్టాడు. మరుపు మొదటి గంటల్లో, మొదటి రోజుల్లో పరుగెడుతుందని, తర్వాత నెమ్మదిస్తుందని తేల్చాడు. 1972లో సెబాస్టియన్ లైట్నర్ అనే పాత్రికేయుడు దీనికి గదులున్న ఒక అట్టపెట్టె పద్ధతి చెప్పాడు. జవాబు వచ్చిన కార్డు వెనక గదిలోకి పోతుంది, ఆ గదిని అరుదుగా తెరుస్తాం. రాని కార్డు మళ్లీ మొదటి గదికి వస్తుంది. 1987లో పోలండ్ విద్యార్థి పియోటర్ వోజ్నియాక్ ఆ పనిని కంప్యూటరుకు అప్పగించాడు. 2006లో డేమియన్ ఎల్మ్స్ అనే ఆస్ట్రేలియా వాసి తాను జపనీస్ నేర్చుకోవడానికి చేసుకున్న 'అంకి' వోజ్నియాక్ సూత్రం మీదే నడిచింది. ఇవాళ ప్రపంచమంతా మెడిసిన్ విద్యార్థులు దాన్ని వాడుతున్నారు.

వోజ్నియాక్ లెక్క చెబితే మా పదో తరగతి పిల్లలు నమ్మరు. సరిగ్గా చెప్పిన కార్డు మొదట ఒక రోజుకు, తర్వాత ఆరు రోజులకు వస్తుంది. ఆపైన ప్రతిసారీ గడువు దాదాపు రెండున్నర రెట్లు పెరుగుతుంది. అంటే 15 రోజులు, 38 రోజులు, 95 రోజులు. జులై 1న నేర్చుకున్న కార్డు జులై 2న, 8న, 23న, ఆగస్టు 30న, డిసెంబరు 3న ఎదురవుతుంది. అప్పటికీ గుర్తుంటే మార్చిలో పరీక్షల దాకా దాని జోలికి పోనక్కర్లేదు. ఒక్కోసారి పది సెకన్ల చొప్పున చూసుకున్నా ఆ సంగతి మీద ఏడాది మొత్తానికి పెట్టింది ఒక్క నిమిషం. అదే పిల్లవాడు ఫిబ్రవరిలో గైడు పుచ్చుకుని కూర్చుంటే గంటలు పెట్టాలి, ఏప్రిల్‌కు అదీ మిగలదు.

చదివిందే మళ్లీ చదవడం కంటే పుస్తకం మూసి గుర్తు చేసుకోవడం మేలని కూడా రుజువైంది. 2006లో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు విద్యార్థుల చేత ఒక పాఠం చదివించారు. కొందరు పదే పదే చదివారు, కొందరు చదివి తమను తాము పరీక్షించుకున్నారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే పరీక్షించుకున్నవాళ్లు ముందున్నారు. రాత్రి చదివి పొద్దున రాసేసే అలవాటు ఎందుకు పనిచేస్తున్నట్టు కనిపిస్తుందో, ఎందుకు నిలవదో ఆ ఒక్క ప్రయోగంలో తెలిసిపోతుంది.

ఇంతటి లెక్కకూ కోడు రెండు పేజీలు దాటదు. సూత్రం దాపరికం లేకుండా అందరికీ అందుబాటులో ఉంది. అమెరికాలో ఆండ్రూ సదర్లాండ్ 2005లో తన ఫ్రెంచి క్లాసు కోసం 'క్విజ్‌లెట్' రాసినప్పుడు అతని వయసు 15 ఏళ్లు. కాబట్టి యాప్ కట్టామని ఎవరూ కాలరెగరేయనక్కర్లేదు, నాతో సహా. చిక్కంతా దాంట్లోకి తెలుగు ఎక్కించేటప్పుడు మొదలవుతుంది.

తెలుగు డీటీపీ ఏళ్ల తరబడి అను వంటి ఫాంట్ల మీద నడిచింది. యూనికోడ్ జనానికి అందక ముందు శుభలేఖ దగ్గర్నుంచి దినపత్రిక దాకా అచ్చయిందంటే అది వాటి చలవే. అయితే ఆ పద్ధతిలో తెర మీద కనిపించేది 'క' అయినా లోపల ఉండేది ఏదో ఇంగ్లీషు అక్షరం. పీడీఎఫ్ లోంచి ఒక పేరా కాపీ చేసి వేరే చోట అతికిస్తే గజిబిజి గుర్తుల వరస వస్తుంది. వెతికితే దొరకదు, ఫోను చదివి వినిపించదు, చూపు లేని విద్యార్థికి ఆ పుస్తకం ఉన్నా లేనట్టే. గుండె బొమ్మ పక్కన ఉన్న నాలుగు వాక్యాలు కార్డులోకి తెచ్చుకోవాలంటే మా అక్క కూర్చుని మొత్తం మళ్లీ టైపు చేయాల్సిందే.

యూనికోడ్‌లో ఉన్నదాంతోనూ తిప్పలున్నాయి. ఐత్వాన్ని రెండు రకాలుగా దాచవచ్చు. ఒకే గుర్తుగా పెట్టవచ్చు, లేదా ఎత్వానికి కింద మరో గుర్తు చేర్చి రెండుగా పెట్టవచ్చు. కంటికి రెండూ ఒకటే. పిల్లవాడు 'మైటోకాండ్రియా' అని తప్పు లేకుండా టైపు చేసినా లోపలి గుర్తులు వేరైతే కంప్యూటరు తప్పంటుంది. 'హార్మోన్' చివర పొల్లు సరిగ్గా నిలబడడానికి కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని ఒక గుర్తు చేరుస్తాయి, దాంతోనూ ఇదే పేచీ. పోల్చే ముందు రెండింటినీ ఒకే రూపంలోకి మార్చాలి, కనిపించని గుర్తును తీసేయాలి. ఇంగ్లీషు కోసం కట్టిన పనిముట్టును తెచ్చి తెలుగు రంగు వేస్తే తేలే సంగతులు కావివి. తెలుగు పిల్లల చేత వాడించి చూస్తేనే బయటపడతాయి.

ఇక కార్డు సంగతి. మొదట్లో ఒక టీచరు పంపిన కార్డు ముందు వైపు "గుండె నిర్మాణం వివరింపుము" అని, వెనక వైపు పదకొండు పంక్తులు ఉన్నాయి. అక్క దాన్ని చూసి, "ఏమిరా, ఇది తిప్పితే బిడ్డకు ఏం గుర్తుంటాది? సగం చెప్పినోడు వచ్చిందని నొక్కాలా, రాలేదని నొక్కాలా?" అంది. కూర్చుని దాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టింది. "కుడి జఠరిక నుంచి రక్తం ఎక్కడికి పోతుంది?" ఒక కార్డు. "ఊపిరితిత్తుల నుంచి వచ్చే రక్తం గుండెలో ముందు ఏ గదిలోకి చేరుతుంది?" ఇంకొకటి. "జఠరికల గోడలు కర్ణికల గోడల కంటే మందంగా ఎందుకుంటాయి?" మరొకటి. అన్నిటికంటే నాకు నచ్చింది వేరే ఉంది: "ధమనే అయినా ఆక్సిజన్ తక్కువున్న రక్తాన్ని మోసేది ఏది?" జవాబు పుపుస ధమని.

ఆ చివరి కార్డు ఏ గైడు చూసీ రాసింది కాదు. ఏటా జవాబు పత్రాలు దిద్దేటప్పుడు పిల్లలు ధమని అంటే మంచి రక్తం, సిర అంటే చెడు రక్తం అని రాసేసి పుపుస ధమని దగ్గర బోల్తా పడటం ఆమె చూస్తోంది. పిల్లలు ఎక్కడ జారుతారో అక్కడ కార్డు పెట్టింది. కంప్యూటరుకు ఆ పాఠం ఇచ్చి ప్రశ్నలు తయారు చేయమంటే క్షణంలో వంద ఇస్తుంది. అవేవీ తప్పు కావు. కానీ పాకాల పిల్లలు ఎక్కడ జారతారో దానికి తెలియదు.

రాసినంత మాత్రాన పని అయిపోదు. అంకిలో ఒక కార్డును ఎనిమిది సార్లు మరిచిపోతే దానికి జలగ అని ముద్ర వేసి పక్కన పెడతారు. విద్యార్థి కాలాన్ని పీల్చేస్తుందని ఆ పేరు. మా సైటులోనూ పిల్లలు ఎక్కువగా మరిచిపోయే కార్డుల జాబితా వారం వారం టీచర్లకు పోతుంది. అది పిల్లల మీద ఫిర్యాదు కాదు, కార్డు మీద ఫిర్యాదు. చాలామంది ఒకే కార్డు దగ్గర ఆగుతున్నారంటే ప్రశ్న తికమకగా ఉండాలి, లేదా ఆ పాఠం క్లాసులో మళ్లీ చెప్పాలి. బిట్ బ్యాంకులో ఈ ఏర్పాటు ఎక్కడుంది? అచ్చేసినవాడికి ఏ బిట్టు ఎవరికి రాలేదో ఎప్పటికీ తెలియదు.

టీచర్లు కార్డులు రాయడం, దిద్దడం అంటే ఏదో విదేశీ విడ్డూరంలా వినిపించవచ్చు. ఆ పని మన పాత చిత్తూరు జిల్లాలోనే ఎప్పుడో జరిగింది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు 1980ల చివర నుంచి చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న బడుల కోసం కార్డులు తయారు చేయించారు. ఒకే గది, ఒకే టీచరు, అయిదు తరగతుల పిల్లలు. అక్కడ పాఠ్యపుస్తకం పాఠాలను చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, మెట్టుకు కొన్ని కార్డులు పెట్టి, గోడకు ఒక నిచ్చెన పటం తగిలించారు. పిల్లవాడు తానెక్కడున్నాడో పటంలో చూసుకుని, ఆ గుర్తున్న కార్డు తానే తెచ్చుకుంటాడు. కాయల కాలంలో తోటకు పోయి వచ్చినా, మేకల వెంట పోయి వచ్చినా వదిలిన మెట్టు దగ్గరే మళ్లీ మొదలుపెడతాడు. దీన్ని 'స్కూల్ ఇన్ ఎ బాక్స్' అన్నారు.

ఈ పద్ధతి చూసిపోయిన కర్ణాటక టీచర్లు 1995లో హెచ్.డి.కోటెలో 'నలి కలి' మొదలుపెట్టారు. తమిళనాడులో ఇదే పద్ధతి 2003లో చెన్నై నగరపాలక బడుల్లో మొదలై 2007 నాటికి రాష్ట్రమంతటి ప్రాథమిక బడులకూ పాకింది. ఎక్కడికి పోయినా మన కార్డులను పెట్టెలో పెట్టి పంపేయలేదు. అక్కడి టీచర్లు కూర్చుని తమ భాషలో, తమ పిల్లలకు తగినట్టు కొత్తగా రాసుకున్నారు. పోయింది పద్ధతి. ఇరుగు పొరుగు రాష్ట్రాలు మన జిల్లా నుంచి నేర్చుకున్నది అదే.

నిజమే, రిషివ్యాలీ కార్డులు వేరు, ఫ్లాష్‌కార్డులు వేరు. అవి చేసి నేర్చుకోవడానికి, ఇవి నేర్చుకున్నది నిలుపుకోవడానికి. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పేరు చెప్పుకునే చోట జ్ఞాపకశక్తి యంత్రాన్ని మెచ్చుకుంటారని నేనూ అనుకోను. "ఇది బట్టీ చదువే కదా" అని నన్ను నిలదీసినవాళ్లు ఉన్నారు. వాళ్ల మాటలో సగం నిజముంది. అర్థం కానిదాన్ని కార్డు మీదికి ఎక్కిస్తే బట్టీయే. అందుకే క్లాసులో పాఠం అయ్యేదాకా ఆ కార్డులు తెరుచుకోకుండా టీచరు ఆపి ఉంచవచ్చు. కానీ గుర్తుపెట్టుకోవడాన్నే చిన్నచూపు చూడటం మనకు తగదు. తిరుమల కొండ మీద ధర్మగిరి వేద పాఠశాలలో పిల్లలు ఇవాళ్టికీ సంత చెప్పించుకుని వల్లె వేస్తారు. పదం, క్రమం, జట, ఘన అని ఒకే మంత్రాన్ని ముందుకూ వెనక్కూ పేని, ఒక్క స్వరం తప్పినా తెలిసిపోయేలా కట్టుదిట్టం చేశారు మన పెద్దలు. అవధానంలో వందమందికి పద్యాలు చెప్పినవాడికైనా చివర ధారణ లేకపోతే అవధాని అనిపించుకోలేడు. గుర్తున్నవాడే దాని మీద ఆలోచించగలడు. జఠరిక ఏదో కర్ణిక ఏదో తెలియనివాడు రక్తప్రసరణ మీద ఏం ఆలోచిస్తాడు?

ఇంకో అభ్యంతరం ఫోను. పల్లెలో ఇంటికి ఒక ఫోను, అది నాన్న జేబులో ఉంటుంది. హాస్టల్లో అదీ ఉండదు. అందుకే మా సైటులో అన్నిటికంటే ఎక్కువగా వాడుతున్నది ప్రింటు బటన్. ఎ4 కాగితం మీద ఎనిమిది కార్డులు వస్తాయి, జెరాక్స్ తీసి కత్తిరించుకుంటే చాలు. లైట్నర్ పెట్టెకు అట్టపెట్టె, అందులో అయిదు గదులు పెట్టుకోవడం పిల్లలకు ఆటే. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రభుత్వం ట్యాబులు పంచినప్పుడు కొన్నాళ్లు ఊరంతా వాటి మాటే. తెర ఏదైనా, తెర లేకున్నా, లోపలికి పోయే పాఠం మంచిదైతేనే ఫలితం.

ఇప్పుడు నేను అడిగేవి రెండు. ఎస్‌సీఈఆర్‌టీ మన పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు ఉచితంగానే అందిస్తోంది, సంతోషం. దాంతోపాటు ప్రతి పుస్తకం పాఠాన్నీ శుభ్రమైన యూనికోడ్ తెలుగులో విడిగా ఇవ్వాలి. ఎవరైనా వాడుకోవచ్చని, మార్చుకోవచ్చని, మూలం చెబితే చాలని రాతపూర్వకంగా అనుమతి కూడా ఇవ్వాలి. రెండు భాషల పుస్తకాలకు ఇది మరీ సులువు. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఇప్పటికే జతగా ఉన్నాయి. ఫాంట్లు లేవని ఎవరూ అనలేరు. శ్రీకాళహస్తి కవి ధూర్జటి పేరుతోనే ఉచిత యూనికోడ్ ఫాంటు ఉంది. పుస్తకం అచ్చుకు పంపేటప్పుడే ఇంకో ఫైలు దాచిపెట్టే పని ఇది. కొత్త భవనం అక్కర్లేదు, కొత్త పథకం పేరూ అక్కర్లేదు.

రెండోది, కార్డు రాయడాన్ని టీచరు శిక్షణలో భాగం చేయాలి. మన పాత చిత్తూరు జిల్లాకు కార్వేటినగరంలో డైట్ ఉంది. అక్కడ చదివే కాబోయే టీచర్లు బోధనాభ్యాసం కోసం బడులకు పోతారు. ఒక పాఠం చెప్పి, పిల్లల తప్పులు చూసి, ఆ తప్పుల మీద కార్డులు రాసి, పిల్లలు మరిచిపోయినవి దిద్ది సమర్పించమంటే రికార్డు పుస్తకాల్లో రంగు బొమ్మలు అతికించడం కంటే వెయ్యి రెట్లు మేలు. కుప్పం, నగరి వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలున్న బడిలో అదే పాఠానికి కార్డు మరోలా ఉండాలని ఆ టీచరుకే తడుతుంది. మెగా డీఎస్సీ 2025లో 16,347 పోస్టులు ప్రకటించారు. అలా కొత్తగా బడికి వచ్చినవాళ్లలో ఏడాదికి ఒక్కొక్కరు ఒక్క పాఠానికి కార్డులు రాసి పెట్టినా మన పిల్లలకు ఎవరి యాప్ కోసమూ ఎదురుచూడాల్సిన పని ఉండదు.

"పాఠాలు అలా వదిలేస్తే కోచింగ్ వాళ్లు తీసుకుని అమ్ముకుంటారు" అని ఒక అధికారి నాతో అన్నారు. అమ్ముకోనివ్వండి. ఇప్పుడు మాత్రం అమ్ముకోవడం లేదా? కూలికి టైపు చేయించుకునే స్తోమత వాళ్లకు ఎటూ ఉంది. తాళం వేస్తే ఆగిపోయేది వాళ్లు కాదు, జీతం మీద బతుకుతూ ఆదివారం కూర్చుని టైపు చేసుకునే బడిపంతులు. ఉచితంగా దొరికేది బాగుంటే డబ్బు పెట్టి కొనేవాడు తగ్గుతాడు, అమ్మేవాడు ఇంకా మంచిది చేయాల్సి వస్తుంది. రెండు విధాలా లాభం పిల్లలకే.

మా సైటు రేపు మూతపడినా ఫర్వాలేదు, నాకంటే బాగా కట్టేవాళ్లు ఈ ఊళ్లోనే ఐఐటీలోనో ఎస్వీ యూనివర్సిటీలోనో ఉంటారు. వాళ్ల చేతిలో పెట్టడానికి తెలుగు పాఠం ఉందా అన్నదే ప్రశ్న. వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోగా పదో తరగతి జీవశాస్త్రం ఒక్కటి యూనికోడ్‌లో విడుదల చేసి చూడమని విద్యాశాఖను అడుగుతున్నాను. ఒక్క పుస్తకమే. మిగతాది టీచర్లు చేసి చూపిస్తారు.